గీత మీద ఆయిల్

మా చెల్లెలి ట్రాక్టరు వచ్చి నా రిపేరు షెడ్డు ముందు ఆగేసరికి నేను స్టూలు మీద కూర్చుని, లేవాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. యాభై తొమ్మిదేళ్ళొచ్చాక లేవడం కూడా ఒక పనే. ముందు కుడి చేత్తో బల్ల పట్టుకోవాలి, తరవాత ఎడమ మోకాలికి నచ్చజెప్పాలి. ఆ రెండూ అయ్యేలోపే బుజ్జి బండి దిగి, చేతులు తుడుచుకుంటూ నా ముందు నిలబడింది.

"అన్నయ్యా, ఆయిల్ ముల్లు పడిపోతోంది," అంది.

బుజ్జి అన్నానని చంటిపిల్ల అనుకోకండి. నలభై ఆరేళ్ళ మనిషి. నాన్న పోతూ పోతూ షెడ్డు నాకూ, ట్రాక్టరు దానికీ ఇచ్చాడు. మా బావకు సైకిలు తొక్కడమే గగనం, అందుకని బండి అదే తోలుతుంది. వానలు మొదలవగానే చుట్టుపక్కల పొలాలు దున్నిపెడుతుంది. దాని ఏడాది సంపాదనంతా ఆ నెల రోజుల్లోనే. మొన్న మంచి వాన పడింది. పదకొండు మందికి వస్తానని మాట ఇచ్చింది. నేల పదును మీద ఉండేది ఇంకో ఐదు రోజులో ఆరు రోజులో, ఆ తరవాత నాగలి దిగదు. ఈలోపు వెళ్ళకపోతే వాళ్ళు ఇంకో బండిని పిలుచుకుంటారు. అలా ఒకసారి చెయ్యి మారినవాళ్ళు మళ్ళీ రారు. ఇవేవీ అది నాతో అనలేదు. దాని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ఎప్పటినుంచీ?" అన్నాను.

"మూడు వారాలవుతోంది. పొద్దున్నే బాగానే ఉంటుంది. గంట నడిచి వేడెక్కేసరికి దిగిపోతుంది. నిన్నయితే సున్నాకి ఆనుకుంది."

"మూడు వారాల నుంచి ఏం చేస్తున్నావ్, గాడిదలు కాస్తున్నావా?"

అది తల దించుకుంది. నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరికీ తెలుసు. నిజానికి నా ముక్కుకు కోపం కన్నా పెద్ద పేరే ఉండేది. ఈ చుట్టుపక్కల నన్ను ముక్కు మేస్త్రి అంటారు. సైలెన్సర్ గొట్టం దగ్గర ఒక్కసారి వాసన చూసి రింగులు పోయాయో, నాజిల్ కారుతోందో, గాస్కెట్ కాలిందో చెప్పేవాణ్ణి. మిగతా మేస్త్రీలు సగం ఇంజను విప్పాక కనుక్కునేది నేను బీడీ ముట్టించుకునేలోపు చెప్పేసేవాణ్ణి. నాన్న ఏ బండినైనా షెడ్డులోంచి పంపే ముందు నన్ను కేకేసి, "ఓసారి వాసన చూసి పంపరా," అనేవాడు. నలభై ఏళ్ళు అలాగే నడిచింది.

మొన్న చలికాలంలో పది రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, వాసన తిరిగి రాలేదు. డీజిల్, గ్రీజు, కాలిన రబ్బరు, సబ్బు, ఏదీ లేదు. వారం చూశాను, నెల చూశాను. ఇప్పటికి ఏడు నెలలు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ముక్కు మేస్త్రికి ముక్కు లేదని తెలిస్తే ఈ షెడ్డుకు ఎవరొస్తారు? ఒకరోజు మా ఆవిడ పాలు అడుగంటించి, ఆ పాలతోనే టీ పెట్టి ఇచ్చింది. గటగటా తాగేశాను. "ఎలా ఉంది?" అంది. "బాగుంది," అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఎవరైనా బండి తెస్తే ఇప్పటికీ గొట్టం దగ్గర ముక్కు పెడుతున్నాను. ఊపిరి పీల్చి, కళ్ళు మూసుకుని, తల ఆడిస్తున్నాను. తరవాత చెవితో, కంటితో, అనుభవంతో ఏదో ఒకటి చెబుతున్నాను. చాలాసార్లు అది నిజమే అవుతోంది. కానీ ఇలా నటించడం పని చేయడం కన్నా ఎక్కువ అలసట. సాయంత్రానికి ఒళ్ళు హూనమైపోతోంది.

బుజ్జి చూస్తుండగా ఆ రోజూ అదే చేశాను. గొట్టం దగ్గరికి వంగి, పీల్చి, తలాడించాను.

"ఏమంటావ్?" అంది ఆశగా.

"చూద్దాం. ముందు కొలవనీ," అన్నాను.

ఆయిల్ ప్రెషర్ తగ్గిందంటే కంగారు పడాల్సిన మాటే. ఇంజను అడుగున ఉన్న ఆయిల్‌ని ఒక చిన్న పంపు పైకి నెడుతుంది. ఆ తోపు పూర్తిగా పోతే తిరిగే ఇనుముకూ ఇనుముకూ మధ్య తడి ఉండదు. అరగంటలో బేరింగులు మాడిపోతాయి, ఇంజనును తిప్పే ఇరుసు, అదే క్రాంకు, పట్టేస్తుంది. అయితే ముల్లు పడిపోవడానికి కారణాలు అరడజను ఉంటాయి. చవకవి ముందు చూసి, ఖరీదైనవి చివర చూడాలని నాన్న చెప్పిన పద్ధతి.

ముందు ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీశాను. ఆయిల్ సరిగ్గా పై గీత మీద ఉంది, వెంట్రుక వాసి ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇదీ నాన్న పద్ధతే. ఆయిల్ గీత మీదే ఉండాలనేవాడు. పైన ఉన్నా తిట్టేవాడు, కింద ఉన్నా తిట్టేవాడు.

"బాగానే చూసుకుంటున్నావే," అన్నాను. నా నోటి వెంట మెచ్చుకోలు రావడం అరుదు. అది నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. బండి చక్రం వైపు చూస్తూ ఊరుకుంది.

తరవాత గేజి. డాష్‌బోర్డులో ఉన్న ముల్లు ముప్ఫై ఏళ్ళది, దాన్ని నమ్మలేం. దాని గొట్టం ఊడదీసి నా దగ్గరున్న పెద్ద గేజి బిగించాను. చల్లటి ఇంజను మీద మూడు కిలోల ప్రెషర్ చూపించింది. ముప్పావుగంట నడిపాం. ముల్లు మెల్లగా దిగుతూ దిగుతూ అర కిలో దగ్గర ఆగి, కాస్త వణికింది. గేజి అబద్ధం చెప్పడం లేదు.

ఫిల్టరు విప్పి, డబ్బా కోసి, లోపలి కాగితం మడతలు ఎండలో పెట్టి చూశాను. బేరింగులు అరుగుతుంటే ఆ మడతల్లో వెండి రజనులా మెరుస్తుంది. ఒక్క రవ్వ కూడా మెరవలేదు. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు. మనిషి అలిసిపోయినప్పుడు ఆలోచించడం కన్నా విప్పడం తేలిక అనిపిస్తుంది, చేతులు వాటంతటవే కదులుతాయి కాబట్టి.

రిలీఫ్ వాల్వ్ తీశాను. ప్రెషర్ మరీ ఎక్కువైతే తెరుచుకుని ఆయిల్‌ని కిందికి వదిలే చిన్న తలుపు అది. దాని స్ప్రింగు కొలిచాను, బాగానే ఉంది. కొంతమంది మేస్త్రీలు ఆ స్ప్రింగు వెనక ఒక వాషరు పెట్టి ముల్లును పైకి లేపి పంపించేస్తారు. బండి ఆయన సంతోషంగా వెళ్ళి, నెల తరవాత ఏడుస్తూ వస్తాడు. నేను ఎన్ని తప్పులు చేసినా ఆ పని మాత్రం చేయలేదు.

మధ్యాహ్నానికి ఆయిల్ వదిలేసి, ఇంజను అడుగున ఆయిల్ నిలిచే ఛాంబరు దింపాను. ఆయిల్ వేడి మీద ఉంది, టబ్బులోకి నీళ్ళలా జారింది. వేడి ఆయిల్ ఎప్పుడూ పలచగానే ఉంటుందని సరిపెట్టుకున్నాను. ఇంకో మేస్త్రి అయితే వేళ్ళ మధ్య రుద్ది చూసేవాడేమో. నలభై ఏళ్ళు ముక్కుతో చూసినవాడికి వేళ్ళతో చూడటం అలవాటు కాదు. టబ్బు మీదికి వంగి, మామూలుగా ఊపిరి పీల్చి, మామూలుగా తలాడించాను. బుజ్జి నా పక్కనే నిలబడి ఉంది. ఏదో అనబోయింది.

"ఏంటి?" అన్నాను విసుగ్గా.

"ఏం లేదులే," అంది.

ఆయిల్ పీల్చే జాలీ శుభ్రంగా ఉంది. పంపు విప్పి పళ్ళ సందులో పలచటి ఉక్కు రేకు దూర్చి కొలిచాను, అదీ కొలతలోనే ఉంది. ఇక మిగిలింది బేరింగులు. వెల్లకిలా పడుకుని, నా మోకాళ్ళనూ ఆ బోల్టులనూ కలిపి తిట్టుకుంటూ మధ్య బేరింగు మూత దింపాను. వెలుతురులో చూస్తే సన్నటి గీతలున్నాయి. ముప్ఫై ఏళ్ళ ఇంజనులో ఆ మాత్రం గీతలు లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. కానీ పొద్దుటినుంచి వెతుకుతున్నవాడికి ఏదో ఒకటి దొరకాలి కదా. నాకు అవి దొరికాయి.

బయటికి జరిగి, చక్రం పట్టుకుని లేచాను. సాయంత్రం ఎండ షెడ్డు రేకుల కిందుగా లోపలికి వస్తోంది.

"క్రాంకు పోయింది," అన్నాను. "దింపి సానబట్టడానికి లేత్‌కి పంపాలి. అక్కడ వరసలో ఉండాలి. పన్నెండు రోజులు పట్టొచ్చు."

బుజ్జి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. "పన్నెండు రోజులకి నేల రాయైపోతుంది," అంది చివరికి.

"నన్నేం చేయమంటావ్? ఇలాగే నడిపితే మధ్య పొలంలో పట్టేస్తుంది."

"నేనేమీ అనలేదు అన్నయ్యా. నువ్వు చెప్పావుగా. వెళ్ళి వాళ్ళందరికీ రాలేనని చెప్పుకోవాలి, అంతే."

చెప్పులేసుకుని నడుచుకుంటూ వెళ్ళింది. ట్రాక్టరు లేకుండా దాన్ని అలా చూడటం ఇబ్బందిగా అనిపించింది. నేను మళ్ళీ స్టూలు మీద కూలబడ్డాను. ఇటుకల బట్టీ ఆయన గుర్తొచ్చాడు. జ్వరం తగ్గిన కొత్తల్లో ఆయన కూడా ఇలాగే ముల్లు పడిపోతోందని బండి తెచ్చాడు. ఒంట్లో ఓపిక లేక, విప్పకుండానే, గొట్టం దగ్గర తలాడించి, ఇంజను మొత్తం పోయింది, దీని మీద పెట్టడం దండగ అన్నాను. ఆయన నా మాట మీద బండిని ఇనప సామాను వాళ్ళకి తూకానికి ఇచ్చేశాడు. ఇప్పుడు ఇటుకలు కిరాయి బండి మీద తోలుకుంటున్నాడు. బట్టీలో మండించడానికి నా దగ్గర వాడేసిన ఆయిల్ తీసుకెళ్ళడానికి సైకిలు మీద వస్తుంటాడు. వచ్చినప్పుడల్లా, "మీరు ముందే చెప్పబట్టి బతికిపోయాను మేస్త్రీ," అని దండం పెడతాడు. ఎందుకో ఆ సాయంత్రం ఆ దండం గుర్తొచ్చి నాకు కూర్చోబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే బుజ్జి వచ్చింది. చేతిలో ఐదు లీటర్ల డబ్బా. మూత దగ్గర గుడ్డ చుట్టి, ఒంటికి తగలకుండా పట్టుకుంది.

"ఇది నీ డ్రమ్ములో పోసెయ్యనా? బట్టీ ఆయనకి పనికొస్తుంది. ఇంట్లో ఉంటే ఒకటే కంపు."

"ఏంటది?"

"ఇంజనాయిలే."

"ఇంజనాయిల్ నీ ఇంట్లో ఎందుకుంది?"

అది డబ్బా కింద పెట్టింది. కొంగు చివర వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఆరేళ్ళప్పుడు పలక పగలగొట్టి నా ముందు అచ్చం ఇలాగే నిలబడింది.

"తిట్టనంటే చెప్తాను."

"ముందు చెప్పు."

"రోజూ పొద్దున్నే చూస్తే ఆయిల్ గీతకి పైన ఉంటోంది. నేనే ఎక్కువ పోశానేమో అనుకున్నా. కింద బోల్టు కాస్త వదులు చేసి, ఓ గ్లాసుడు తీసేసి, గీత మీదికి తెచ్చేదాన్ని. మర్నాటికి మళ్ళీ పైకి. మళ్ళీ తీసేదాన్ని. మూడు వారాల నుంచి ఇంతే."

ఇంజనులో ఆయిల్ తగ్గుతుంది, కాలుతుంది, కారుతుంది. తనంతట తాను పెరగదు. పెరుగుతోందంటే ఇంకేదో వచ్చి కలుస్తోంది.

"మరి నాకు చెప్పొద్దూ?" అన్నాను. గొంతు పెద్దదైంది.

"చెప్తే ఏమంటావో తెలుసుగా. రెండేళ్ళ కిందట ఓసారి ఎక్కువ పోశానని నలుగురు డ్రైవర్ల ముందు, చదువుకున్నదానివి, ఒక గీత చూసుకోలేవా అని అరిచావు. అందరూ నవ్వారు. ఇంకోసారి ఆ మాట పడదల్చుకోలేదు." ఒక్క ఊపిరిలో అనేసి, డబ్బా మూత తీసింది. "నిన్న నీ టబ్బులోదీ ఇదే వాసన. పచ్చి డీజిల్. చెబుదామనుకున్నా. కానీ నువ్వు వంగి వాసన చూశావు, తలాడించావు. నీ ముక్కు ముందు నేనేం చెప్తాను? నా చేతులకున్న డీజిలేమో అనుకున్నా."

టబ్బు దగ్గరికి వెళ్ళాను. రాత్రంతా చల్లారిన ఆయిల్ జిగురుగా, బరువుగా ఉండాలి. వేలు ముంచి తీస్తే నీళ్ళలా కారిపోయింది. సగం డీజిలే. పలచబడిన ఆయిల్ వేడెక్కితే ప్రెషర్ ఎక్కడ నిలుస్తుంది? క్రాంకూ బాగుంది, పంపూ బాగుంది. ఇంజను పక్కన డీజిల్ లాగే చిన్న ఫీడ్ పంపులో రబ్బరు పొర చిరిగి ఉంటుంది. అందులోంచి డీజిల్ లోపలికి కారుతోంది. ఎవరికైనా అరనిమిషంలో వాసన తెలిసిపోయే జబ్బు. నేను ఒక రోజంతా విప్పాను.

"నీకు వాసన రాలేదా అన్నయ్యా?" అంది బుజ్జి. ఆ అడగడంలో అనుమానం లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉంది.

అప్పుడు చెప్పేసి ఉండాల్సింది. మా ఆవిడ టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

"ఎందుకు రాదు?" అన్నాను. "నిన్ననే తెలుసు. నీ అంతట నువ్వు చెప్తావేమోనని చూస్తున్నా."

బుజ్జి మొహం పాలిపోయింది.

"అయితే క్రాంకు పోయిందన్నది?"

నేను వేలు గుడ్డకేసి తుడుచుకున్నాను.

"నిన్న సాయంత్రమే నలుగురి ఇళ్ళకి వెళ్ళి రాలేనని చెప్పొచ్చాను. వాళ్ళు అప్పటికప్పుడే ఇంకో బండికి కబురు పెట్టారు." దాని గొంతు పెద్దది కాలేదు. "నాకు బుద్ధి రావాలనా? వచ్చిందిలే. బాగానే చెప్పావు."

ఒక మూలకెళ్ళి బోల్టులు కడగడం మొదలుపెట్టింది. మా ఆవిడ గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఫీడ్ పంపు విప్పితే రబ్బరు పొరకు అంచున గోరంత చిరుగు ఉంది. అలాంటి పొర నా స్పేర్ల డబ్బాలోనే ఒకటి ఉంది. మార్చడానికి అరగంట కూడా పట్టలేదు. మిగతా పొద్దంతా నిన్న అనవసరంగా విప్పినవి మళ్ళీ బిగించడానికి పట్టింది. బేరింగు మూత, పంపు, జాలీ, ఛాంబరు. బుజ్జి నేను అడిగిన స్పానర్ అందిస్తోంది తప్ప నోరు విప్పడం లేదు. మామూలుగా అయితే అది వాగుతూనే ఉంటుంది, నేను నోరు ముయ్యమంటూనే ఉంటాను. ఆ రోజు ఆ నిశ్శబ్దం నా నడుం నొప్పి కన్నా ఎక్కువ బాధ పెట్టింది.

మధ్యాహ్నం అన్నం పెడుతూ మా ఆవిడ అంది, "బుజ్జి తినడానికి రానంది. ఆకలి లేదట."

"దాని ఇష్టం."

"ఏమండీ, పాలు అడుగంటిన రోజు నుంచీ చూస్తున్నాను, ఎప్పుడు చెప్తారా అని. ఇంకోసారి కావాలనే పోపు మాడ్చి చూశాను. మీరు ఇంకొంచెం వడ్డించుకుని తిన్నారు." కంచంలో కూర వేసి గిన్నె పక్కన పెట్టింది. "నాకు చెప్పకపోయినా ఫరవాలేదు. మీ ముక్కు, మీ ఇష్టం. మీ తప్పు తీసుకెళ్ళి ఆ పిల్ల మీద మాత్రం పెట్టకండి."

నాకు సిగ్గేసింది. ఏడు నెలలుగా ఎవరి కంటా పడకుండా తిరుగుతున్నాననుకున్నాను. ఇంట్లో మనిషి నా ఎదురుగానే కూర్చుని, నేనెప్పుడు నోరు విప్పుతానా అని ఎదురుచూసింది. నేను బుజ్జితో పొద్దున అన్నది అబద్ధం. ఈవిడ అన్నది నిజం.

మూడు దాటాక కొత్త ఆయిల్ గీత దాకా పోసి ఇంజను స్టార్ట్ చేశాం. గంటసేపు అలాగే నడవనిచ్చాం. ఇద్దరం పెద్ద గేజి ముందు ఆసుపత్రిలో కూర్చున్నట్టు కూర్చున్నాం. వేడెక్కాక ముల్లు కాస్త దిగి, రెండున్నర కిలోల దగ్గర ఆగింది. బండి తక్కువ వేగంలో పెట్టినా రెండు దాటి కిందికి రాలేదు. బుజ్జి గేజి అద్దం మీద వేలితో ఒకసారి తట్టింది. ముల్లు కదల్లేదు.

"ఏడుగురు మిగిలారు," అంది, నాతో కాదు, తనలో తను. "ఇప్పుడు మొదలుపెడితే నాలుగు రోజుల్లో అవుతుంది." లేచి సీటు ఎక్కబోయి ఆగింది. బండి షెడ్డు దాటే ముందు నేను వాసన చూడాలి, అది నాన్న పెట్టిన పద్ధతి. ఎంత కోపంలో ఉన్నా ఆ పద్ధతి తప్పించడం దానికి చేత కాదు. నా వైపు చూడకుండానే, "చూసి పంపు," అంది.

నేను గొట్టం దగ్గరికి వెళ్ళాను. వేడి గాలి మొహానికి కొట్టింది. వంగాను. పీల్చాను. ఏమీ లేదు. తలాడిస్తే చాలు, బండి వెళ్ళిపోతుంది.

"నాకు తెలియడం లేదు బుజ్జీ," అన్నాను. "నువ్వు చూసి చెప్పు."

"అంటే?"

"జ్వరం వచ్చినప్పటి నుంచీ నాకు ఏ వాసనా తెలియదు. నిన్నా తెలియలేదు. పొద్దున నీతో అన్నది అబద్ధం. క్రాంకు పోయిందని నిజంగానే అనుకున్నాను. ఆ నలుగురూ పోయింది నా వల్లే."

ఇంజను చప్పుడులో సరిగా వినిపించిందో లేదో అని మళ్ళీ చెప్పబోయాను. అది చెయ్యెత్తి ఆపింది. గొట్టం దగ్గరికి వచ్చి, నేను ఎప్పుడూ వంగే చోటే వంగి వాసన చూసింది. ఒకసారి సరిపోలేదు, రెండోసారి చూసింది.

"కొత్త ఆయిల్ కొంచెం కాలుతున్న వాసన. పచ్చి డీజిల్ లేదు. బాగుంది," అంది. తరవాత నన్ను తేరిపార చూసింది. కోపంగా చూసిందో జాలిగా చూసిందో నాకు అర్థం కాలేదు. రెండూ ఉన్నాయేమో. "గీత దాటిందని చెప్పడానికి నేను నీకు భయపడ్డాను. నువ్వెవరికి భయపడ్డావ్?"

నేను గొట్టం దగ్గర్నుంచి పక్కకి జరిగాను.

సీటు ఎక్కి, గేరు వేయబోతూ మళ్ళీ ఆగింది. ఈసారి దాని మొహంలో కోపం లేదు.

"అన్నయ్యా, ఇటుకల బట్టీ ఆయన బండి నువ్వు చూసింది జ్వరం తరవాతేగా?"

"అవును."

"అప్పుడు ఇంకెవరైనా వాసన చూశారా?"

"లేదు," అన్నాను. "నేనే చూశాను."

అది గేరు వేసింది. బండి రోడ్డు మీదికి ఎక్కి, మలుపు తిరిగి, చప్పుడు కూడా వినిపించనంత దూరం వెళ్ళింది. నేను చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకున్నాను. మా ఆవిడ ఎక్కడికని అడగలేదు. బట్టీ మైలున్నర దూరం. మోకాళ్ళు పది అడుగులకోసారి ఆగమంటున్నాయి, నాలుగైదు చోట్ల ఆగాను కూడా. ఆగిన ప్రతిచోటా వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. ఆ బండి పోయింది నిజంగా క్రాంకు వల్లేనేమో, ఇప్పుడు చెప్పి ప్రయోజనమేంటి అనిపించింది. దాని ఇనుము కరిగి ఇంకేదో అయిపోయి ఉంటుంది. అది ఇక ఎవరికీ తెలిసే విషయం కాదు. నాకు కూడా.

ఆయన కిరాయి బండిలోంచి ఇటుకలు దింపిస్తున్నాడు. నన్ను చూసి గబగబా ఎదురొచ్చాడు.

"మీరెందుకొచ్చారు మేస్త్రీ? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణిగా." భుజం మీది తువ్వాలు తీసి అక్కడున్న స్టూలు దుమ్ము దులిపి, నా ముందుకు జరిపాడు. "కూర్చోండి, కూర్చోండి. చాలా దూరం నడిచొచ్చారు."

ఆ స్టూలు మీద కూలబడాలని ప్రాణం కొట్టుకుంటోంది.

"ముందు నేను చెప్పేది విను," అన్నాను. "విన్నాక కూడా కూర్చోమంటే కూర్చుంటాను."